విమానానికి మానదండం



'విమానం' అన్న మాటలోనే 'మానం' ఉన్నది. 'వి' ఉపసర్గ చేరిన 'మా' ధాతువుకు కొలుచుట అని అర్థం. ఆకాశాన్ని కొలుచుకుంటూ పోయేది విమానమని మనం వ్యాఖ్యానించుకోవచ్చు. మరి ఆ విమానాన్నే కొలవవలసి వస్తే, ఏ రకం క్షేమం, ఏ రకం ప్రమాదకరం అని తేల్చవలసి వస్తే, మానదండమేది? తెలుగువారికి ఇది కేవలం శాస్త్రచర్చ కాదు. ఏడున్నరేళ్ళ వ్యవధిలో మూడు చిన్న వాయుయానాలు మన ప్రసిద్ధులు ముగ్గురిని బలిగొన్నాయి.

2002 మార్చి 3న లోక్‌సభ సభాపతి జి.ఎం.సి. బాలయోగి గారు భీమవరం నుండి హైదరాబాదుకు బయలుదేరిన బెల్ 206 హెలికాప్టరు కృష్ణాజిల్లా కైకలూరు సమీపాన చేపలచెరువులో కూలింది. 2004 ఏప్రిల్ 17న నటి సౌందర్య ఎన్నికల ప్రచారానికై కరీంనగర్ రావడానికి బెంగుళూరు జక్కూరులో ఎక్కిన సెస్నా 180 విమానం నేల విడిచిన కొద్దిసేపటికే కూలి, అందులోని నలుగురూ మరణించారు. 2009 సెప్టెంబరు 2న ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి గారిని చిత్తూరు జిల్లాకు తీసుకుపోతున్న బెల్ 430 హెలికాప్టరు నల్లమలలో పావురాలగుట్ట వద్ద కూలగా ఐదుగురూ అసువులు బాశారు. మరునాటి ఉదయానికి గాని దాని జాడ తెలియలేదు.

ఇటువంటి ప్రతి దుర్ఘటన తరువాతా మనం మొదట యంత్రం జాతకం చూస్తాము. ఒంటి ఇంజను గనుక కూలిందంటాము, రెండింజన్లుంటే బతికేవారంటాము. కాని పై మూడింటినీ పక్కపక్కన పెట్టి చూడండి. బెల్ 206 ఒంటి ఇంజనుది. 1960ల నాటి రూపకల్పన. అయినా ఏడువేలకు పైగా తయారై, తన తరగతిలో నమ్మకమైనదని లోకమంతటా పేరు తెచ్చుకొన్నది. బెల్ 430కి రెండింజన్లు, ఆనాడు ఇద్దరు చోదకులు. త్యాగి గారి అధ్యక్షతన ఏర్పడిన విచారణసంఘం చెప్పిన కారణం ఇంజను వైఫల్యం కాదు. గేర్‌పెట్టె చమురు పీడనంలో తేడా కనబడగా చోదకుల దృష్టి ఆరు నిమిషాలకు పైగా దానిమీదనే నిలిచిందని, ఈలోగా హెలికాప్టరు తుపాను మబ్బులోని ప్రచండమైన అధోవాయువులో చిక్కి అదుపు తప్పిందని ఆ సంఘం తేల్చింది. రెండవ ఇంజను ఆ గాలిని ఆపగలిగేది కాదు.

అంకెలతో కొలుద్దామంటే అక్కడా ఒక చిక్కున్నది. కాంకార్డు విమానం 1976 నుండి 2000 జులై వరకు ఒక్క ప్రయాణికుణ్ణీ పోగొట్టుకోలేదు. 2000 జులై 25న పారిస్ వద్ద జరిగిన ఒకే ప్రమాదంలో 113 మంది మరణించారు. ప్రయాణాల సంఖ్య బహుస్వల్పం గనుక, అంతవరకు నిష్కళంకమైన రికార్డు ఒక్క మధ్యాహ్నంలో పట్టిక అట్టడుగుకు జారింది. కొద్దిగా ఎగిరిన యంత్రం గురించి అంకెలు అటు మెచ్చుకోలుగా గాని, ఇటు నిందగా గాని గట్టిసాక్ష్యం చెప్పలేవు.

అందుకే పెద్ద విమానాలకు పది లక్షల ప్రయాణాలకు ఎన్ని ప్రమాదాలని లెక్కిస్తారు. కిలోమీటర్లలో ఎందుకు లెక్కించరాదు? ముప్పు ఎక్కువగా లేవడంలోను, దిగడంలోను ఉన్నది గనుక. రైలెక్కుతూ, దిగుతూ జారిపడేవారి లెక్కను కిలోమీటర్లతో భాగిస్తే, ఢిల్లీదాకా పోయే కర్ణాటక ఎక్స్‌ప్రెస్ ముందు మా గుంతకల్లు-గుత్తి పాసింజరు ఊరకనే దోషి అవుతుంది.

1990 ఫిబ్రవరి 14న బెంగుళూరులో దిగబోతూ ఇండియన్ ఎయిర్‌లైన్స్ వారి ఎయిర్‌బస్ ఎ-320 రన్‌వే చేరకముందే గోల్ఫ్ మైదానంలో నేలను తాకింది. 146 మందిలో 92 మంది మరణించారు. ఆ రకం సేవలో ప్రవేశించి అప్పటికి రెండేళ్ళైనా కాలేదు. ప్రభుత్వం మిగిలిన ఎ-320లను కొన్ని నెలలపాటు ఎగరనివ్వలేదు. విచారణలో మాత్రం, వేగం పడిపోతున్న సంగతిని చోదకులు సకాలంలో గుర్తించలేదని తేలింది. ఆ కుటుంబపు విమానాలు నేటికి పదివేలకు పైగా తయారైనాయి.

అలాగని యంత్రం ఎన్నడూ నిర్దోషి అనరాదు. 1954లో కామెట్ జెట్లు గాలిలోనే ముక్కలైనవి లోహపు అలసట వల్ల. 2018, 2019లలో రెండు బోయింగ్ 737 మ్యాక్స్ విమానాలు కూలి 346 మంది మరణించినప్పుడు, విమానం ముక్కును తనంతట తాను కిందికి వంచే నియంత్రణవ్యవస్థ లోపం బయటపడింది. రకాన్ని అనుమానించవలసిన సమయాలూ ఉంటాయి. అయితే ఒకే రకం, భిన్న పరిస్థితులలో, ఒకే విధంగా కూలినప్పుడే ఆ అనుమానానికి బలం.

మా కరవుసీమలో 2000 దశకంలో మేఘమథనానికని చిన్న విమానాలు తిరిగేవి. తక్కిన విమానాలు తప్పించుకుపోయే మబ్బును వెదుక్కుంటూ పోవడమే వాటి పని. అదే రకం విమానం నిర్మలాకాశంలో శిక్షణకు ఎగిరితే ముప్పు వేరు. కనుక 'ఏ విమానం?' అన్నదానికంటె 'ఏ పని మీద, ఏ వాతావరణంలో, ఎవరి నిర్ణయంతో?' అన్న ప్రశ్నలు ముందు వేయాలి. నియమిత కాలపట్టికతో, కట్టుదిట్టమైన నిబంధనలతో నడిచే పెద్ద విమానాలకు, సభల వేళలకు అందుకోవలసిన చిన్న యానాలకు ఉన్న అసలు తేడా రెక్కలలో లేదు, ఇక్కడున్నది.

గుంతకల్లు రైళ్ళ ఊరు. ఇక్కడ పసిపిల్లవానికీ తెలిసిన సంగతి ఒకటున్నది. జనరల్ మేనేజరు గారి ప్రత్యేక రైలైనా ఎర్ర సిగ్నలు ముందు ఆగవలసిందే. ఆపినందుకు డ్రైవరును ఎవరూ సంజాయిషీ అడగరు; దాటితేనే అడుగుతారు. ఆకాశంలో సిగ్నలు స్తంభాలు లేవు. అక్కడ ఎర్రదీపం చోదకుని నోటిమాటే. హెలికాప్టరు కొనేటప్పుడు ఇంజన్లెన్ని అని విచారించడం మంచిదే. దానితోపాటు 'ఈ పూట పోలేము' అన్నవాని ఉద్యోగం మరునాటికి భద్రమేనా అని కూడా విచారిస్తే, అది అన్నిటికంటె సరియైన మానదండం అవుతుంది.