బి.సి.జి. మచ్చ: ఆ సున్నా ఏ హెడ్డు కింద?

2018లో మా అమ్మాయి పురిటికి ఖరగ్‌పూర్ వచ్చింది. మనవరాలు పుట్టిన మర్నాడు నర్సు వచ్చి బి.సి.జి. టీకా వెయ్యాలంది. నేను అడ్డుపడ్డాను. "ఇది పనికిరాని టీకా అని మన దేశంలోనే తేలిపోయింది. చెంగల్పట్టులో లక్షల మంది మీద పరీక్షించి చూస్తే వచ్చిన ఫలితం సున్నా. ఊరికే పసిపిల్లని ఏడిపించటం ఎందుకు?" అన్నాను.

నేను డాక్టర్ని కాదు. బి.కాం. చదివి, డిఫెన్స్ అకౌంట్స్‌లో 34 ఏళ్లు బిల్లులు, ఓచర్లు చూసి రిటైరైనవాణ్ణి. కానీ చెంగల్పట్టు సంగతి మా హేతువాద మిత్రుల దగ్గర ఎన్నోసార్లు చెప్పాను. ప్రభుత్వం చెప్పిందల్లా నమ్మకూడదు అనటానికి అది నాకు బాగా ఇష్టమైన ఉదాహరణ.

అమ్మాయి మంచం మీంచే అడిగింది: "ఏ హెడ్డు కింద నాన్నా ఆ సున్నా?"

అది నా మాటే. నెల ఖర్చుల్లో "ఇతరములు" అని రాసినప్పుడల్లా "ఏ హెడ్డు కింద?" అని వాళ్లమ్మని సతాయించేవాణ్ణి. ఇప్పుడు అదే ప్రశ్న నాకు తిరిగొచ్చింది. జవాబు చెప్పలేకపోయాను. తను నా మాట వినకుండా టీకా వేయించింది. మంచి పని చేసింది. ఆ ప్రశ్నకు నేను ఆలస్యంగా వెతుక్కున్న జవాబే ఈ వ్యాసం.

టీకా పుట్టుక

ఫ్రాన్సులో కాల్మెట్, గెరాన్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు ఆవులకు క్షయ కలిగించే సూక్ష్మజీవిని తీసుకుని, 1908 నుంచి 13 ఏళ్లపాటు 230 సార్లు కొత్త కొత్త పోషకంలోకి మార్చి పెంచారు. చివరికి అది బతికే ఉంది గాని జబ్బు చేసే శక్తి పోగొట్టుకుంది. 1921లో పారిస్‌లో మొదటిసారి ఒక శిశువుకి ఇచ్చారు.

1930లో జర్మనీలోని ల్యూబెక్ పట్టణంలో ఈ టీకా వేసిన సుమారు 250 మంది శిశువుల్లో 70 మందికి పైగా చనిపోయారు. అసలు క్షయ సూక్ష్మజీవి ప్రయోగశాలలో టీకా మందుతో కలిసిపోయిందని విచారణలో తేలింది. తప్పు టీకాది కాదు, తయారీది. కానీ బిడ్డ పోయిన తల్లికి ఈ తేడా చెప్పి ఒప్పించగలమా? బి.సి.జి. మీద అనుమానం ఎక్కడి నుంచి మొదలైందో తెలుసుకోవాలంటే ల్యూబెక్‌ని మరిచిపోకూడదు.

మన దేశంలో 1948లో ఈ టీకా మొదలైంది. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం శానిటోరియం తొలి కేంద్రాల్లో ఒకటి. అదే ఏడాది మద్రాసు గిండీలో టీకా తయారీ ప్రయోగశాల పెట్టారు. 1951 నుంచి దేశమంతటా మూకుమ్మడి కార్యక్రమం నడిచింది. క్షయకు మంచి మందులు అప్పుడప్పుడే వస్తున్నాయి, అవీ బీదవాళ్లకు అందేవి కావు. శానిటోరియాల్లో మంచాలు వేలల్లో ఉంటే రోగులు లక్షల్లో ఉన్నారు. అలాంటప్పుడు చవకైన టీకా మీద ప్రభుత్వం ఆశ పెట్టుకోవటం అర్థమవుతుంది.

రాజాజీ అభ్యంతరం

1955లో చక్రవర్తుల రాజగోపాలాచారి ఈ టీకాకు వ్యతిరేకంగా బహిరంగంగా ప్రచారం చేశారు. అప్పటికి ఏడాది క్రితమే మద్రాసు ముఖ్యమంత్రి పదవి వదిలారు. తానెందుకు వ్యతిరేకిస్తున్నానో చెబుతూ ఒక చిన్న పుస్తకం కూడా వేశారు. మద్రాసులో "పీపుల్స్ హెల్త్" అనే పత్రిక నడిపిన ఎ.వి.రామన్ అంతకు ముందు నుంచే పోరాడుతున్నారు. అటువైపు కేంద్ర ఆరోగ్య మంత్రి రాజకుమారి అమృత్ కౌర్ టీకాను గట్టిగా సమర్థించారు.

రాజాజీ వాదనలో రెండు రకాల మాటలు కలిసిపోయి ఉన్నాయి. ఆరోగ్యంగా ఉన్న పిల్లల ఒంట్లోకి బతికున్న సూక్ష్మజీవుల్ని ఎక్కించటం ఏమిటి అన్నది ఒకటి. ఇది భయం. మశూచి టీకాలో ఉండేదీ బతికున్న సూక్ష్మజీవే, అది ఎన్ని ప్రాణాలు కాపాడిందో లోకానికి తెలుసు. అమెరికా తన పిల్లలకే మూకుమ్మడిగా వెయ్యటం లేదు, మన పిల్లల మీద ఇంత పెద్ద ఎత్తున వెయ్యటానికి రుజువేది అన్నది రెండోది. ఇది ఆడిట్ అభ్యంతరం. దీనికి జవాబు చెప్పాల్సిందే.

1955 నాటికి ప్రభుత్వం చేతిలో ఏముంది? అమెరికా ఆదివాసుల్లో 1930లలో మొదలైన ఒక పరీక్షలో మంచి ఫలితం వచ్చింది. బ్రిటన్‌లో స్కూలు ముగించే వయసు పిల్లలు 50 వేల మందికి పైగా ఉన్న పెద్ద పరీక్ష నడుస్తోంది, దాని మొదటి నివేదిక 1956లో గాని రాలేదు. ఆ పరీక్షలో రక్షణ దాదాపు 80 శాతం అని తేలింది. కానీ అమెరికాలోనే ప్యూర్టోరికోలో 30 శాతం దగ్గరే ఆగింది. జార్జియా, అలబామాల్లో 14 శాతం. మదనపల్లె చుట్టుపక్కల గ్రామాల్లో డాక్టర్ యోహానెస్ ఫ్రిమోట్ మ్యోలర్ 1950లలో మొదలుపెట్టిన పరిశీలనను ఏళ్ల తరబడి కొనసాగిస్తే చివరికి కనిపించింది కొద్దిపాటి రక్షణే.

పేరు ఒకటే టీకా. ఒకచోట 80, ఇంకోచోట 14! ఏ ఆఫీసులోనైనా ఒకే వస్తువుకి ఇలా రెండు రేట్లతో బిల్లులు వస్తే ఏం చేస్తాం? ఫైలు ఆపి, మళ్లీ లెక్క తీయమంటాం. చివరికి ప్రభుత్వం చేసిందీ అదే.

చెంగల్పట్టు లెక్క

1968లో తమిళనాడు చెంగల్పట్టు జిల్లాలో భారత వైద్య పరిశోధన మండలి, ప్రపంచ ఆరోగ్య సంస్థ, అమెరికా ప్రజారోగ్య విభాగం కలిసి ఒక పరీక్ష మొదలుపెట్టాయి. సుమారు 3,60,000 జనాభా ఉన్న ప్రాంతం. రెండున్నర లక్షల మందికి పైగా సూది వేశారు. కొందరికి బి.సి.జి., కొందరికి ఉత్త ద్రవం. ఎవరికి ఏది పడిందో వేసినవాళ్లకూ తెలియదు, వేయించుకున్నవాళ్లకూ తెలియదు. టీకాలో రెండు రకాలు, రెండు మోతాదులు. తర్వాత ఏళ్ల తరబడి ఊరూరా తిరిగి ఎక్స్‌రేలు తీశారు, కఫం పరీక్షించారు.

1979లో మొదటి ఫలితం బయటపెట్టారు. ఏడున్నరేళ్లలో టీకా వల్ల రక్షణ ఏమీ కనిపించలేదు. 15 ఏళ్ల లెక్క 1999లో వచ్చింది. పెద్దవాళ్లలో రక్షణ లేదు. పిల్లల్లో 27 శాతం అన్నారు గాని, అది కూడా యాదృచ్ఛికం కాదని చెప్పటానికి వీల్లేనంత బలహీనమైన అంకె.

నేను ఇక్కడిదాకా చదివి పుస్తకం మూసేశాను. అదే నా తప్పు.

హెడ్డు చూడకుండా మొత్తం చూశాను

చెంగల్పట్టులో లెక్కపెట్టింది ఏమిటి? కఫంలో సూక్ష్మజీవి కనిపించే ఊపిరితిత్తుల క్షయ. ఇది ఎక్కువగా పెద్దవాళ్లకు వస్తుంది, ఒకరి నుంచి ఒకరికి అంటుకునేదీ ఇదే. మరి పసిపిల్లలకు వచ్చే క్షయ? అది వేరు. ఊపిరితిత్తుల్లో ఆగకుండా నెత్తురులో కలిసి ఒళ్లంతా పాకుతుంది, మెదడు పొరలకు పడుతుంది. పసిపిల్లకి కఫం ఉమ్మటం రాదు. రెండున్నరేళ్లకోసారి జరిగే ఎక్స్‌రే సర్వే వచ్చేలోపు బిడ్డ పోతుంది. అంటే చెంగల్పట్టు లెడ్జరులో ఆ హెడ్డు కింద పద్దులే లేవు. ఎంట్రీ లేని ఖాతాకి పక్క ఖాతా సున్నాని తెచ్చి వేశాను నేను. నా కింద పనిచేసే గుమాస్తా ఈ పని చేస్తే మెమో ఇచ్చేవాణ్ణి!

ఆ హెడ్డు లెక్కను వేరే చోట్ల తీశారు. జబ్బు పడ్డ పిల్లల్ని, పడని పిల్లల్ని పోల్చి చూసిన పరిశీలనలన్నీ కలిపి 2006లో ఒక సమీక్ష వచ్చింది. క్షయ మెనింజైటిస్ నుంచి 73 శాతం, ఒళ్లంతా పాకే క్షయ నుంచి 77 శాతం రక్షణ. 2002లో ప్రపంచమంతటా సుమారు పది కోట్ల మంది శిశువులకు వేసిన బి.సి.జి. దాదాపు 30 వేల మెనింజైటిస్ కేసుల్ని, 11 వేల రెండో రకం కేసుల్ని ఆపిందని అంచనా కట్టారు. అంటే సుమారు 3,400 మంది పిల్లలకు వేస్తే ఒక మెనింజైటిస్ తప్పింది. ఖర్చు చూస్తే చాలా తక్కువ.

నా చిన్నప్పుడు నిమ్‌పురాలో మా వీధిలో ఒక ముసలాయన ఉండేవాడు. మా నాన్నలాగే శ్రీకాకుళం వైపు నుంచి రైల్వే వర్క్‌షాపు పనికొచ్చినవాడు. రాత్రంతా దగ్గేవాడు. ఆ ఇంట్లో ఏడాది నిండని మనవడు జ్వరం వచ్చి, మెడ బిగుసుకుపోయి, ఫిట్స్ వచ్చి పోయాడు. వీధంతా దిష్టి అంది. ఆ దగ్గుకీ ఈ చావుకీ సంబంధం ఉందా అని ఒక్కరూ అడగలేదు. అది క్షయేనని ఇప్పుడు రుజువు చెయ్యలేను. కానీ మనవరాలి విషయంలో నేను అడ్డుపడ్డది సరిగ్గా అలాంటి చావుని ఆపే టీకాకే అని తెలిశాక ఆ పసివాడు గుర్తొచ్చి ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

మరి రాజాజీ ఒప్పా? అమృత్ కౌర్ ఒప్పా? ఈ టీకాతో దేశంలో క్షయ తగ్గిపోతుందన్న ఆశ తప్పయింది. అంటించేది పెద్దవాళ్ల క్షయ, దాన్ని ఇది ఆపలేదు. ఇన్నేళ్ల తర్వాతా ప్రపంచంలోని క్షయ రోగుల్లో సుమారు నాలుగో వంతు మన దేశంలోనే ఉన్నారు. రుజువు అడిగిన రాజాజీ ఆ మేరకు ఒప్పు. ఇది పిల్లలకు హాని అన్న రాజాజీ తప్పు. చెంగల్పట్టు ఫలితం చూశాక కూడా శిశువులకు టీకా కొనసాగించమన్న నిపుణులు మొండితనంతో అనలేదు, హెడ్డు చూసి అన్నారు.

ఇంకో సంగతి. చెంగల్పట్టు సున్నాని బయటపెట్టింది ఎవరు? టీకా వ్యతిరేకులు కాదు. టీకా వేసిన ప్రభుత్వం పెట్టిన సంస్థే లెక్క తీసి, తనకు ఇబ్బందైన ఫలితాన్ని అచ్చు వేసింది. "ప్రభుత్వాన్ని నమ్మకండి" అనటానికి ఏళ్ల తరబడి నేను వాడుకున్న అంకె ప్రభుత్వ సంస్థ ఇచ్చిందే! తన తప్పు తనే చూపించే ఖాతాకున్నంత విలువ ఏ బాబా మాటకుంది?

అదే మచ్చ, కొత్త మూఢనమ్మకం

2020 ఏప్రిల్, లాక్‌డౌన్. గోల్ బజార్ దగ్గర కూరగాయల క్యూలో సున్నం గీసిన గుండ్రాల్లో నిలబడ్డాం. ముందు గుండ్రంలో ఉన్న రైల్వే రిటైర్డు మిత్రుడు చొక్కా చెయ్యి పైకి లాగి మచ్చ చూపించాడు. "గురువు గారూ, ఇది ఉన్నవాళ్లకి కరోనా రాదట. అమెరికా వాళ్లకి లేదు, అందుకే పోతున్నారు" అన్నాడు. అప్పుడు పత్రికల నిండా ఇదే. బి.సి.జి. వేసే దేశాల్లో చావులు తక్కువ అని దేశాల పట్టికలు పక్కపక్కన పెట్టి చూపించారు. వయసులు వేరు, పరీక్షలు చేసిన సంఖ్య వేరు, జబ్బు చేరిన తేదీ వేరు. హారాలు సమానం చెయ్యకుండా భిన్నాలు కూడినట్టు. తర్వాత కొన్ని దేశాల్లో దాదాపు 4,000 మంది ఆరోగ్య సిబ్బందితో పద్ధతిగా పరీక్ష చేశారు. 2023లో ఫలితం వచ్చింది: బి.సి.జి. కోవిడ్ ముప్పు తగ్గించలేదు.

ఆ మిత్రుడూ నేనూ చేసిన తప్పు ఒకటే. అతను ఒక హెడ్డులోని జమని ఇంకో హెడ్డుకి మార్చాడు. నేను ఒక హెడ్డులోని సున్నాని మార్చాను.

మన తెలుగు గడ్డ మీదా ఇలాంటి తగువే నడిచింది. హైదరాబాదు భారత్ బయోటెక్ వారి కోవాక్సిన్‌కి 2021 జనవరి 3న అనుమతి ఇచ్చారు. అప్పటికి మూడో దశ పరీక్ష ఫలితం రాలేదు. ప్రశ్నించినవాళ్లని దేశద్రోహులన్నారు కొందరు. అది ఉత్త నీళ్లన్నారు ఇంకొందరు. మా లెక్కల భాషలో అది ఓచరు రాకముందే ఇచ్చిన ప్రొవిజనల్ పేమెంటు. అత్యవసరంలో ఇవ్వొచ్చు, కానీ ఓచరు వచ్చేదాకా అడుగుతూనే ఉండాలి. అడిగేవాడు శత్రువు కాదు. 25 వేల మందికి పైగా పాల్గొన్న పరీక్ష ఓచరు ఆ ఏడాదే వచ్చింది: 77.8 శాతం. వచ్చాక కూడా "నమ్మను" అంటే అది సంశయవాదం కాదు, మొండితనం.

తక్కువ అంకె అంటే పారెయ్యటం కాదు అనటానికి పోలియో చుక్కలు చూడండి. ఉత్తరప్రదేశ్‌లో మూడు రకాల వైరస్‌లకు కలిపి ఇచ్చే పాత చుక్కల మందు ఒక్కో మోతాదుకి, టైప్-1 మీద, సుమారు 10 శాతమే పనిచేస్తోందని లెక్క తేలింది. "పని చెయ్యదు కాబట్టే పదిసార్లు వేస్తున్నారు" అని వెక్కిరించారు. లెక్క తీసినవాళ్లు దాన్ని దాచలేదు. 2005 నుంచి ఒకే రకానికి పనిచేసే మందు తెచ్చారు, అది మోతాదుకి 30 శాతం దాకా పనిచేసింది. మళ్లీ మళ్లీ వేశారు. దేశంలో ఆఖరి పోలియో కేసు 2011 జనవరిలో మాకు దగ్గర్లోని హౌరా జిల్లాలో నమోదైంది. ఆ తర్వాత సహజ పోలియో రాలేదు.

హేతువాదులం అనుకునే మనం టీకా పేరెత్తగానే "అనుకూలమా, వ్యతిరేకమా" అని అడగటం మానేద్దాం. ఏ జబ్బుకి? ఏ వయసులో? ఎవరితో పోల్చారు? ఎన్నేళ్లు చూశారు? ఈ నాలుగు అడుగుదాం. జవాబు మనకు నచ్చనిదైనా పద్దులో రాసుకుందాం.

మనవరాలి ఎడం చేతి మీద ఇప్పుడు చిన్న మచ్చ ఉంది. మొన్న సెలవులకొచ్చి "ఇదేంటి తాతయ్యా?" అని అడిగింది. "మీ అమ్మ నా తప్పు దిద్దిన చోటు" అన్నాను.