నవనందులు

సంస్కృతంలో ‘నంద్’ అంటే సంతోషించడం. ఆ ధాతువు నుంచే నంది. ముందు సంఖ్య చేరితే ద్విగు సమాసం, నవనందులు. ఈ తొమ్మిది శివాలయాల్లో నంద్యాల ఊళ్లోవి ప్రథమనంది, నాగనంది, సోమనంది. మహానంది దారిలో సూర్యనంది, శివనంది, కృష్ణనంది. మహానందిలోనే వినాయకనంది, గరుడనంది, ఇక ఊటనీటి కోనేళ్ల మహానంది. పేర్లు వేరు, రకం ఒక్కటే. యాగంటి బసవన్నకు ఎంత ఖ్యాతి ఉన్నా ఈ లెక్కలో లేడు.

ప్రోగ్రామర్లు టైప్డ్ కలెక్షన్ అనేది ఇలాంటిదే. మనం రాసుకున్న క్లాస్ ‘నంది’ అయితే, నందుల లిస్టులో ఆ క్లాస్ ఆబ్జెక్టులు, దాని నుంచి పుట్టిన క్లాసులవి తప్ప మరేవీ చేరవు. పాత జావా లిస్టులో ఏది వేసినా పట్టేది. బయటికి తీసేటప్పుడు రకం మనమే చెప్పాలి. పొరబడితే ప్రోగ్రామ్ నడుస్తుండగానే ఆగిపోయేది. 2004లో జావా 5తో జెనరిక్స్ వచ్చాక ఆ తప్పును కంపైలరే ముందుగా పట్టేస్తోంది. సీ షార్ప్‌కు ఈ వసతి 2005లో అందింది.

పాఠాల్లో ఎప్పుడూ ‘ఎంప్లాయీ’ లిస్టే ఎందుకు? నంద్యాల, కర్నూలు కాలేజీల మాస్టార్లూ, ఈసారి నవనందులతో మొదలుపెట్టండి.