జాడీ వయసెంత?

పైన గోధుమరంగు, కింద మీగడ తెలుపు, మూత మీద చిన్న బొడిపె. ఆవకాయ జాడీ అనగానే తెలుగువాళ్ళ కళ్ళకు కట్టే రూపం ఇది. ఊరగాయలు ఇంట్లోనే పెట్టుకోవాలన్న ఉత్సాహం మళ్ళీ పుంజుకోవడంతో ఆ జాడీ అటక దిగింది, దానితోపాటే కత్తిపీటా, రోలూ దిగాయి. అనాదిగా వస్తున్న వస్తువన్న గౌరవం కూడా దానికి దక్కుతోంది. తాతల నాటిదన్న మాట నిజమే కానీ, ఆ తాతలకు తాతలు దాన్ని చూసి ఉండరు. ఆ రెండు రంగుల పూత 1835 ప్రాంతంలో ఇంగ్లండులోని బ్రిస్టల్‌లో పుట్టిన పూతకు దగ్గర చుట్టం. అక్కడ అది సీసాలకూ కూజాలకూ వేసే కార్ఖానా పూత. ఆ తరహా పనితనం మన దేశానికి వచ్చి, రాణిపేట, గూడూరు వంటి చోట్ల పింగాణీ కార్ఖానాలు వెలిశాకే జాడీ మామూలు ఇళ్ళకు చేరువైంది. అంటే మనం సంప్రదాయానికి గుర్తుగా చూసుకుంటున్న వస్తువు నిజానికి యంత్రయుగపు సరుకు. దీన్ని ఎత్తిపొడుపుగా అనడం లేదు. ఊరగాయ చరిత్ర అంతా ఇలా అందివచ్చిన కొత్తదాన్ని కలుపుకుంటూ సాగిందేనని నా వాదన.

జాడీలో ఉన్నదాన్నే చూడండి. శ్రీకృష్ణదేవరాయల ఆముక్తమాల్యదలో వేసవి భోజనం వర్ణన ఉంది. అందులో ఊరగాయలు ఉన్నాయి. రాయలు ఏలిన కాలం 1509 నుంచి 1529. మిరపకాయ అమెరికా ఖండం నుంచి పోర్చుగీసు ఓడలెక్కి మన దేశానికి వచ్చింది ఆ శతాబ్దంలోనే. అది తెలుగు పొలాల్లో స్థిరపడి ఊరగాయను ఎర్రబరచడానికి మరింత కాలం పట్టి ఉంటుంది. కాబట్టి ఆ భోజనంలోని ఊరగాయలో మిరపకారం ఉందనుకోలేం. ఆవకాయ అన్న పేరూ ఇదే చెబుతోంది. ఎంత కారం పోసినా పేరు మాత్రం ఆవదే. పెసరపిండితో పెట్టినదాన్ని కూడా ఆవకాయే అంటాం కదా, పేరును పట్టుకుని చరిత్ర చెప్పవచ్చా అని ఎవరైనా అడగవచ్చు. కానీ దానికి ‘పెసర’ అన్న ముందుమాట తగిలించాల్సి వచ్చిందంటేనే మూలం ఏదో తెలుస్తోంది. కారం పోసినదానికి ఆ అవసరం పడలేదు. వచ్చిన చుట్టం ఇంటి మనిషైపోయింది.

జాడీ వయసు గురించి ఇంతకన్నా గట్టి అభ్యంతరం ఒకటుంది. పూత వేసిన జాడీలు బ్రిస్టల్ కన్నా ఎంతో ముందే ఉన్నాయి. పద్నాలుగో శతాబ్దపు యాత్రికుడు ఇబ్న్ బతూతా చైనా వెళ్ళే దారిలో ఒక రాకుమార్తె ఇచ్చిన కానుకల్లో నాలుగు ‘మర్తబాన్లు’ ఉన్నాయని రాశాడు. ఓడ ప్రయాణానికి పనికొచ్చేలా ఉప్పులో ఊరవేసిన అల్లం, మిరియాలు, నిమ్మ, మామిడి వాటి నిండా ఉన్నాయట. మర్తబాన్ బర్మాలోని రేవు. ఆ రేవు పేరే ఉర్దూ, హిందీల్లో ఊరగాయ జాడీకి పేరైంది. బర్మాలోని పెగూతో మచిలీపట్నానికి జోరుగా వ్యాపారం సాగేది కనుక ఆ జాడీలు మన తీరానికీ వచ్చే ఉంటాయి. ఒప్పుకుంటాను. అయితే సముద్రం దాటి వచ్చిన సరుకు ఎన్ని ఇళ్ళకు అందుతుంది? తక్కినవాళ్ళకు మట్టికుండే గతి. మట్టికుండ నూనె పీలుస్తుంది, ఉప్పునీరు చెమ్మగా బయటికొచ్చి తెల్లగా పొంగుతుంది. ఇత్తడి సంగతి సరే సరి, కళాయి చెదిరితే పులుపు దాన్ని తినేస్తుంది. దాదాపు 1200 డిగ్రీల వేడిలో కాలిన జాడీ మట్టి మాత్రం గాజులా గట్టిపడుతుంది. పీల్చదు, పులుపుతో కలవదు. కార్ఖానా చేసిన మేలు ఇది.

అలాగని జాడీ కొన్నంత మాత్రాన ఆవకాయ నిలవదు. నిలిపేది లెక్క. ఉప్పు ముక్కలోని నీటిని లాగేసి సూక్ష్మజీవులకు అందకుండా చేస్తుంది. మామిడి పులుపు మరికొన్నిటిని ఎదగనివ్వదు. ఆవపిండి తడి తగలగానే విడుదలయ్యే ఘాటుకూ బూజును అడ్డుకునే గుణం ఉంది. పైకి తేలిన నూనె గాలిని ఆపుతుంది, వాసెన కట్టిన గుడ్డ చెమ్మనూ దుమ్మునూ ఆపుతుంది. ఇన్ని కాపలాల్లో ఒకటి సడలినా తక్కినవి కాస్తాయి, రెండు సడలితే మూడో నెలకే బూజు. ఇప్పటి ఔత్సాహికులకు ఎక్కువగా బెడిసికొట్టేది ఉప్పు దగ్గరే. ఆవపిండి, కారం, ఉప్పు సమానంగా అన్న పాత లెక్క కొలతది, తూకానిది కాదు. గిద్దెలూ సోలలూ తవ్వలూ ఉన్న ఇంట్లో అది అర్థమయ్యేది. 1956 చట్టంతో మెట్రిక్ కొలమానం వచ్చాక సోలలు అటకెక్కాయి, లెక్క మాత్రం నోటిమాటగా మిగిలింది. సోలెడు కల్లుప్పుకూ సోలెడు మెత్తటి ఉప్పుకూ బరువులో తేడా ఉంటుంది. మూడింటినీ గ్రాముల్లో సమానంగా తూచినా పాత పాళ్ళు తప్పుతాయి.

ఇంత ఉప్పు వంటికి మంచిదా అన్నది వైద్యుల వైపు నుంచి వచ్చే ప్రశ్న. రోజుకు 5 గ్రాములు మించవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. ఉప్పునే ఆధారంగా నిలవచేసే ఊరగాయలో అది కనీసం 12 శాతం ఉండాలని మన దేశపు ఆహార నిబంధన. రెండూ సబబే. ఒకటి మనిషికి, రెండోది జాడీకి. ఉప్పు తగ్గించాలంటే తగ్గించవచ్చు, అప్పుడు దాన్ని ఫ్రిజ్‌లో పెట్టి, నిలవ పచ్చడన్న పేరు తీసేస్తే సరి. లేదా పెద్దవాళ్ళలా ముక్కను నంజుకోవాలి, కూరలా కలుపుకోకూడదు. ఇక గాజు సీసా చాలదా అంటే, నిక్షేపంగా చాలుతుంది, వెలుతురు తగలని అలమరలో ఉంచితే. పాత జాడీల మీద మోజు ఉన్నవాళ్ళకే ఎక్కువ జాగ్రత్త కావాలి. తక్కువ వేడిలో కాల్చిన పాతకాలపు రంగుపూతల్లో సీసం ఉండే వీలుంది, పులుపు దాన్ని బయటికి లాగుతుంది. అలా తక్కువ వేడిలో కాలిన జాడీకి పూత పగిలితే అది మళ్ళీ మట్టికుండతో సమానం. వేలి కణుపుతో తట్టి చూడాలి. ఖంగుమంటే ఇంటికి తెచ్చుకోవచ్చు. బొంగురుగా పలికితే అందులో మనీప్లాంటు బాగా పెరుగుతుంది.