తఖాజా: పాత ఖర్జ్‌కి కొత్త కాగజ్

తఖాజా అనే మాట మన ఇళ్లలో ఇంకా బతికే ఉంది. "పాలవాడు తఖాజా చేస్తున్నాడు" అంటుంది అమ్మీ. ఇవ్వాల్సింది గట్టిగా అడగడం, అంతే. రెండు వందల ఏళ్ల కింద దక్కన్‌లో ఆ మాట వింటే ఇంటిల్లిపాదీ వణికేవారు. పీష్వా రాజ్యం కంపెనీ చేతికొచ్చాక 1819లో ఎల్ఫిన్‌స్టన్ రాసిన రిపోర్టులో దాని సంగతి ఉంది. ముందు అడగడం, తర్వాత బాకీదారు మీద మనిషిని కాపలా పెట్టడం, అన్నం తిననివ్వకపోవడం, చివరికి మిట్టమధ్యాహ్నం ఒంటికాలి మీద నిలబెట్టి నెత్తిన బండరాయి పెట్టడం. ధర్నా దీనికి దగ్గరి చుట్టం. ఇవాళ కలెక్టరేట్ ముందు చేసేది కాదు, బాకీదారు గుమ్మంలో కూర్చుని దైవకోపం తగులుతుందని బెదిరించేది. 1860 నాటి పీనల్ కోడ్ 508వ సెక్షన్‌లో దాన్నే జుర్మ్‌కి మిసాల్‌గా చూపించారు.

మన హైదరాబాద్ కథ దాచిపెట్టడం నాకు ఇష్టం లేదు. అక్కడ ఈ జుల్మ్ చేసినవాళ్లలో మనవాళ్లూ ఉన్నారు. అరబ్బు జమాదార్లు, రొహిల్లాలు సిపాయిలుగా వచ్చి వడ్డీ వ్యాపారులయ్యారు. అరబ్బులైతే నిజాం సర్కారుకే అప్పిచ్చి తాలూకాలు తాకట్టు పట్టారు, బాకీదార్లను తమ దగ్గరే ఖైదు చేసుకున్నారు. 1853లో ఇరవై నాలుగేళ్ల వయసులో దివాన్ అయిన మొదటి సాలార్‌జంగ్‌కి వాళ్లను దారికి తేవడమే పెద్ద పనైంది.

అయితే నన్ను ఎక్కువ ఆలోచింపజేసేది రాయి కాదు, కాగజ్. 1859లో ఇంగ్లీషు సర్కారు మామూలు అప్పులకు మూడేళ్ల ముద్దత్ పెట్టింది. ఆ లోపు దావా వేయకపోతే కోర్టు వినదు. రైతుకు మేలనుకున్నారు. సాహుకారు ఏం చేశాడు? మూడేళ్లు నిండేముందు రైతును పిలిచి, అసలుకు వడ్డీ కలిపి, మొత్తం కొత్త అసలుగా రాసి నిశానీ వేయించుకున్నాడు. మళ్లీ మూడేళ్లకు మళ్లీ. చదువురాని రైతుకు తను ఎంత తీసుకున్నాడో గుర్తులేదు, బాండు మాత్రం పెరుగుతూ పోయింది. 1875 మే 12న పూనా జిల్లా సూపాలో రైతులు లేచి తగలబెట్టింది ఎక్కువగా మనుషుల్ని కాదు, ఆ కాగజాత్‌నే. 1879 చట్టంలో విలేజ్ రిజిస్ట్రార్ ముందే బాండు రాయాలని, అప్పు కట్టినవాడికి రసీదివ్వాలని పెట్టారు. సూరె బఖరా 282వ ఆయత్ తెలిసినవాళ్లకు ఇందులో కొత్తేముంది!

ఇప్పుడు గుమ్మంలో కూర్చునే పని ఫోన్ చేస్తోంది. నాకు తెలిసిన ఒక బేవాకు ఫోన్ వచ్చింది: మీ మియా ఏడేళ్ల కిందటి బాకీ, ఐదొందలైనా వేయండి, ఒక్క సంతకం పెట్టండి, లేకపోతే మరహూంకి ఖబర్‌లో సుకూన్ ఉండదు. మన ఈమాన్‌నే పట్టుకుని లాగుతున్నారు. అవును, ఖర్జ్ ఉన్న మయ్యిత్ జనాజా నమాజ్‌కి హుజూర్ (స) ఆగారు, అబూ ఖతాదా (ర) పూచీ తీసుకున్నాకే చదివించారు. ముద్దత్ దాటినా అల్లాహ్ దగ్గర హఖ్ పోదు. కానీ ఖర్జ్ తీర్చాల్సింది మరహూం తర్కాలోంచి. తర్కా లేకపోతే వారిసులు జేబులోంచి కట్టాలని షరీఅత్‌లో ఫర్జ్ లేదు, దేశ చట్టంలోనూ లేదు. కట్టాలనుకుంటే అది వాళ్ల మంచితనం. తంగీలో ఉన్నవాడికి మోహలత్ ఇమ్మని అదే సూరా 280లో ఉంది.

ఆ సంతకం ఎందుకడిగాడో సూపా రైతుకు చెప్పనక్కర్లేదు. ఇప్పటికీ మామూలు అప్పుకు మూడేళ్లే ముద్దత్. అది దాటాక కూడా కడతానని రాసి సంతకం పెడితే, కాంట్రాక్ట్ చట్టం 25వ సెక్షన్ కింద చచ్చిన దావాకు ప్రాణం వస్తుంది. రాత్రి ఏడు తర్వాత, పొద్దున ఎనిమిదిలోపు బాకీ కోసం ఫోన్ చేయకూడదని రిజర్వ్ బ్యాంక్ 2022లో చెప్పింది. ఆమెకు ఫోన్ వచ్చింది ఇషా తర్వాత.

ఆమెతో నేనన్నది ఒకటే: "ఆపా, అసలు ఎంత, ఎప్పుడు తీసుకున్నాడు, ఎంత కట్టాడు, కాగజ్ పంపమనండి. అది చూసేదాకా సంతకం వద్దు."