మూడు కెమెరాల ముందు ఆరన్ దీవులు

పాత ఫోటో ఒకటి చేతికి వచ్చినప్పుడు అందులో ఏమున్నదని చూడటంతో చరిత్ర విద్యార్థి పని పూర్తికాదు. దానిని ఎవరు తీశారు, ఎందుకు తీశారు, అందులోని మనుషులు తాము ఎలా కనిపించాలని కోరుకున్నారు అన్నవి కూడా అడగాలి. ఈ ప్రశ్నలు వేసుకోవడానికి ఐర్లండ్ పడమటి తీరంలోని ఆరన్ దీవులు మనకు మంచి ఉదాహరణ. నలభై ఏళ్లకు పైబడిన కాలంలో అక్కడి బెస్తవారి ముందుకు మూడు కెమెరాలు వచ్చాయి. మూడూ మూడు పనులమీద వచ్చాయి.

గాల్వే అఖాతం ముఖద్వారంలో ఇనిష్‌మోర్, ఇనిష్‌మాన్, ఇనిషీర్ అని మూడు దీవులున్నాయి. నేల చాలావరకు సున్నపురాతి బండ. అక్కడివారు ఇసుకను, సముద్రపు నాచును మోసుకువచ్చి బండమీద పరచి, మన్ను తయారుచేసుకుని బంగాళాదుంపలు పండించుకున్నారు. సన్నని చెక్కల చట్రానికి తారు పూసిన గుడ్డ బిగించి చేసిన ‘కరక్’ అనే తేలిక పడవమీద అట్లాంటిక్‌లో వేటకు పోయేవారు. వారి ఇంటి భాష ఐరిష్. ఐర్లండ్‌లో చాలాచోట్ల ఇంగ్లీషు ఆ భాష స్థానాన్ని ఆక్రమించినా ఈ దీవుల్లో అది నిలిచింది. బయటి పండితులను ఇక్కడికి రప్పించిన కారణాలలో ఇది ముఖ్యమైనది.

మొదటి కెమెరా కొలత కోసం వచ్చింది. డబ్లిన్‌లో జంతుశాస్త్ర ఆచార్యుడైన ఆల్‌ఫ్రెడ్ హాడన్, వైద్యుడైన చార్లెస్ బ్రౌన్ కలిసి ఈ దీవులవారి తలలు, ముఖాలు కొలిచి, ఫోటోలు తీసి, 1893లో ఒక నివేదిక ప్రచురించారు. మనిషిని ఒక జాతికి నమూనాగా చూడటం ఆనాటి శాస్త్రం పద్ధతి. ఆ పద్ధతి ఎంతదూరం పోయిందో చెప్పే సంఘటన దీనికి ముందే జరిగింది. 1890లో హాడన్, ఆయన సహచరుడొకరు ఉత్తరంగా ఉన్న ఇనిష్‌బాఫిన్ దీవిలోని పాత మఠం శిథిలాలనుంచి పదమూడు పుర్రెలను ఊరివారికి తెలియకుండా తీసుకుపోయారు. అవి డబ్లిన్‌లోని ట్రినిటీ కళాశాలకు చేరాయి. దీవివారు పట్టుబట్టి అడగగా, 130 ఏళ్లు దాటిన తరువాత 2023 జూలైలో తిరిగివచ్చి సొంత నేలలో ఖననమయ్యాయి.

రెండవ కెమెరా నాటకకర్త జె. ఎం. సింజ్‌ది. ఆయన 1898నుంచి 1902వరకు అయిదుసార్లు వచ్చి, దీవివారి ఇళ్లలో ఉండి ఐరిష్ నేర్చుకున్నాడు. 1907లో అచ్చయిన తన ఆరన్ గ్రంథంలో ఫోటోల గురించి రెండు ముచ్చట్లు చెప్పాడు. ముందు ఏడు తీసిన ఫోటోలను మరుసటిసారి తెచ్చి చూపిస్తే, ఇంటివారు ఎంతో సంబరపడి అందరినీ గుర్తుపట్టారట. చేయి మాత్రమే, కాలు మాత్రమే పడ్డవారిని కూడా వదలలేదు. రెండవది ఒక యువకుడి విషయం. ఇంట్లో వడికిన ఉన్ని బట్టల్లో అతని బొమ్మ తీయాలని సింజ్ కోరిక. గాల్వేలో కొన్న ఆదివారపు దుస్తుల్లో తీయించుకోవాలని అతని పట్టుదల. ఇద్దరికీ దాదాపు తగవైంది. ఉన్ని బట్టలు తనను దీవిలోని మోటు బతుకుతో ముడిపెడతాయని ఆ యువకుడు భావించాడని సింజే ఒప్పుకున్నాడు. చరిత్రకు ఈ తగవు ఫోటో అంత విలువైనది. సింజ్ తీసిన బొమ్మలు 1971లో గాని పుస్తకంగా రాలేదు.

మూడవది సినిమా కెమెరా. రాబర్ట్ ఫ్లాహర్టీ తీసిన ‘మాన్ ఆఫ్ ఆరన్’ 1934లో విడుదలై వెనిస్‌లో బహుమతి పొందింది. అందులోని తల్లి, తండ్రి, కొడుకు నిజానికి ఒక కుటుంబం కాదు. విడివిడిగా ఎంపిక చేసిన దీవివాసులు. పెద్ద సొరచేపను బల్లెంతో వేటాడే ఘట్టం చూపరులను ఊపిరి బిగబట్టిస్తుంది. కాని ఆ వేట దీవుల్లో కొన్ని దశాబ్దాల క్రితమే ఆగిపోయింది. సినిమా కోసం దానిని మళ్లీ నేర్పవలసివచ్చింది. అక్కడక్కడ వినిపించే మాటలు ఇంగ్లీషువి, తరువాత లండన్‌లో రికార్డు చేసినవి. ఆ సందర్భంలోనే, అదే నటులతో ఫ్లాహర్టీ ఐరిష్‌లో ఒక పొట్టి చిత్రం తీశాడు. పొయ్యి చుట్టూ కూర్చుని కథ వినడమే అందులోని విషయం. ఐరిష్ మాటలతో వచ్చిన తొలి చిత్రం అది. దాని ప్రతులు లేకుండాపోయి, 2012లో హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో ఒకటి బయటపడింది. సొరవేట లోకమంతా చూసింది. ఆ ఊరి భాష మాత్రం డబ్బాలో పడివుంది.

ఈ మూడింటిలో ఒకటి నిజం, తక్కినవి అబద్ధం అని మేము అనడం లేదు. హాడన్ బొమ్మల్లో ఆనాటి ముఖాలున్నాయి. ఫ్లాహర్టీ సినిమాలో అలలు, పడవ నడిపే నేర్పు నిజమైనవే. కాని కొలత, ఆప్యాయత, కథ అనే మూడు అవసరాలు మూడు ఆరన్‌లను తయారుచేశాయి. అవసరం తెలియకుండా బొమ్మను సాక్ష్యంగా తీసుకోరాదు.

ఇది మనకు దూరపు సంగతి కాదు. అదే కాలంలో మద్రాసు మ్యూజియం అధికారి ఎడ్గార్ థర్‌స్టన్ దక్షిణాది కులాలవారి తలలు కొలిచి, ఫోటోలు తీయించి, కె. రంగాచారి సహాయంతో 1909లో ఏడు సంపుటాలు వెలువరించాడు. తెలుగు జాలర్లకూ అందులో చోటుంది. అటువంటి సంపుటాల్లో బొమ్మ కింద కులం పేరు ఉంటుంది, మనిషి పేరు సాధారణంగా ఉండదు. పూరీ తీరంలో ఇతరులు ‘నోలియాలు’ అని పిలిచే తెలుగు బెస్తవారి ఫోటోలను యాత్రికులు ఎన్నో తీసుకుపోయారు. ఆ ఇళ్లవారి చేతికి వాటిలో ఎన్ని వచ్చివుంటాయి?

ఆంధ్రదేశానికి వెలుపల చదువుకునే మన విద్యార్థులు చేయదగిన పని ఇక్కడే ఉంది. మీ పేటలో దొరికే పెళ్లిఫోటో, పడవ పక్కన నిలబడి తీయించుకున్న ఫోటో పెద్దలవద్దకు తీసుకువెళ్లండి. ఎవరెవరో, ఏ ఏడో, ఆ బట్టలు ఎందుకు వేసుకున్నారో అడిగి, వారు చెప్పిన తెలుగులోనే రాసిపెట్టండి. కొత్తగా ఫోటో తీస్తే, ఎలా తీయించుకోవాలని ఉందో ముందు వారినే అడగండి. ఒక ప్రతి వారి ఇంట్లో ఉంచి రండి. ఫోటోలో చేయి మాత్రమే కనిపించినా ఎవరిదో చెప్పగలవారు ఇంకా ఉన్నారు. వారున్నప్పుడే వారి నోట వినాలి.