హైదరాబాదులో మోర్మన్ సంఘం

మోర్మన్లని వ్యవహారంలో పిలువబడే 'యేసు క్రీస్తు కడవరి దిన పరిశుద్ధుల సంఘం' హైదరాబాదులో 1978 డిసెంబరులో మొదలయింది. అమెరికాలో పుట్టిన ఈ మతశాఖను నగరానికి తెచ్చినవారు అమెరికన్లు కారు. ఎడ్విన్ ధర్మరాజు, ఎల్సీ ధర్మరాజు అనే తెలుగు దంపతులు. అంతకు 125 సంవత్సరాల పూర్వమే మోర్మన్ బోధకులు మద్రాసు వచ్చినా వారి కృషి నిలువలేదు.

నేపథ్యం

జోసెఫ్ స్మిత్ (1805-1844) న్యూయార్క్ రాష్ట్రంలో 1830 ఏప్రిల్ 6న ఈ సంఘాన్ని స్థాపించాడు. మోర్మన్ గ్రంథం ప్రచురితమైనదీ అదే సంవత్సరంలోనే. 1844లో ఇల్లినాయి రాష్ట్రంలోని కార్తేజ్ చెరసాలలో అల్లరిమూక అతనిని చంపింది. తరువాత బ్రిగమ్ యంగ్ (1801-1877) అనుచరులను పశ్చిమానికి నడిపించి, 1847లో సాల్ట్ లేక్ లోయకు చేర్చాడు. బైబిలుతో సమానంగా మరొక గ్రంథాన్ని పవిత్రంగా భావించటం, త్రిత్వాన్ని సంప్రదాయ రీతిలో అంగీకరించకపోవటం వలన ఇతర క్రైస్తవ సంఘాలు వీరి సిద్ధాంతాన్ని ఒప్పుకోవు.

మద్రాసులో తొలి ప్రయత్నం

స్కాట్లాండులో జన్మించిన రిచర్డ్ బాలంటైన్ (1817-1898) మోర్మన్ల తొలి తరం ప్రముఖులలో ఒకడు. 1849లో సాల్ట్ లేక్‌లోని తన ఇంట్లోనే ఆ సంఘపు మొదటి ఆదివారపు బడిని ప్రారంభించాడు. 1852 ఆగస్టు సమావేశంలో అతనిని భారతదేశానికి నియమించారు. బహుభార్యాత్వం తమ ఆచారమని సంఘం బహిరంగంగా ప్రకటించినది కూడా ఆ సమావేశంలోనే! బోధకుల వెంటే ఆ వార్త కూడా ఓడలెక్కి వచ్చింది.

1853లో బాలంటైన్ మద్రాసు చేరాడు. కోస్తా తెలుగు జిల్లాలకు అప్పుడు అదే రాజధాని. అయితే అతని బోధ అంతా ఇంగ్లీషులోనే సాగింది. విన్నవారిలో ఎక్కువమంది సైనికులు, ఇంగ్లీషు తెలిసిన పట్టణవాసులు. మరుసటి ఏడాదే అతడు మద్రాసు విడిచాడు. నెల్లూరు, ఒంగోలు కేంద్రాలుగా తెలుగు నేర్చుకొని బోధించిన అమెరికన్ బాప్టిస్టుల కథ ఇందుకు పూర్తిగా భిన్నం. 1878 జూలై 3న ఒక్కరోజులోనే ఆ మిషనులో 2,222 మంది బాప్తిస్మం పొందారు.

ధర్మరాజు దంపతులు

ధర్మరాజు దంపతులు సమోవా దీవులలో ఉండగా మోర్మన్ సంఘంలో చేరారు. 1978లో సంఘం వీరిని ప్రత్యేక బోధకులుగా హైదరాబాదు పంపింది. వీరు మొదట బోధించినది తమ బంధువులకే. ఆ కుటుంబ సభ్యులతోనే నగరంలో మొదటి శాఖ ఏర్పడింది. మోర్మన్ గ్రంథాన్ని తెలుగులోకి అనువదించినవారు ఎల్సీ తండ్రి రెవరెండ్ పి. శ్రీనివాసం. ఆయన బాప్టిస్టు పాస్టరు కావటం గమనార్హం. గ్రంథంలోని ఎంపిక చేసిన భాగాలు 1982లో తెలుగులో వెలువడ్డాయి.

తరువాతి కాలం

1993లో బెంగుళూరు కేంద్రంగా భారతదేశ మిషను ఏర్పడింది. అయినా దేశంలో మొదటి 'స్టేక్' (అనేక స్థానిక సంఘాలు కలిసిన పాలనా విభాగం) 2012 మే 27న హైదరాబాదులోనే ఏర్పాటయింది. దేశంలో మొదటి మందిరాన్ని మాత్రం బెంగుళూరుకు 2018లో ప్రకటించారు. దాని నిర్మాణానికి 2020 డిసెంబరులో భూమిపూజకు సమానమైన కార్యక్రమం జరిగింది.