చీరాల గళ్ళ గుడ్డ ఎవరి ఒంటిమీదికి పోయింది?

చీరాల, పేరాల, జాండ్రపేట, ఈపూరుపాలెం, వేటపాలెం. ఈ చుట్టుపక్కల గుంటమగ్గాల మీద దశాబ్దాల తరబడి ఒక గళ్ళ గుడ్డ నేశారు. ముదురు ఎరుపు, నీలం, తెలుపు గళ్ళు. అది చీర కాదు, పంచె కాదు. కైలీ అనుకుందామంటే కొలత కుదరదు. నేసినవాళ్ళు కట్టిన గుడ్డ కాదది, వాళ్ళ ఇళ్ళలో పెళ్ళికో పేరంటానికో పెట్టిన గుడ్డా కాదు. తానులు మడతపడి మద్రాసు దారి పట్టేవి, అక్కణ్ణుంచి ఓడెక్కేవి. మరి అవతలి రేవులో విప్పుకున్నది ఎవరు? అన్నేళ్ళపాటు అవే గళ్ళు కావాలని ఎందుకు అడిగారు?

మొదటి ఆధారం ఎగుమతి కాగితాల మీదే ఉంది. ఆ సరుకు పేరు రియల్ మద్రాస్ హ్యాండ్‌కర్చీఫ్. ఇందులో రెండు మాటలు మనల్ని పక్కదారి పట్టిస్తాయి. మద్రాసు ఓడకెత్తిన చోటే తప్ప నేసిన చోటు కాదు. హ్యాండ్‌కర్చీఫ్ అన్నది అంతకన్నా పెద్ద బుకాయింపు. తాను వెడల్పు 36 అంగుళాలు, పొడవు 8 గజాలు. గజానికొక చదరం చొప్పున ఎనిమిది రుమాళ్ళని లెక్క చెబుతారుగానీ, గజం చదరంతో ముక్కు తుడుచుకునే మనిషి ఎక్కడా లేడు. అది ఒంటికి చుట్టుకునే గుడ్డ. పనికొచ్చే మాట మూడోది, రియల్. అసలుదని నొక్కి చెప్పాల్సి వచ్చిందంటే నకలు సరుకు ఉందన్నమాట. ఉంది కూడా. 18వ శతాబ్దంలోనే మాంచెస్టర్ నేతగాళ్ళు మన గళ్ళను చూసి నేసి పశ్చిమాఫ్రికా తీరంలో అమ్మజూశారు. అంటే మన గుడ్డ కొన్నవాడు చవక చూసి కొన్నవాడు కాదు, తేడా కనిపెట్టగలిగినవాడు.

ఇక్కడ ఒక తప్పుదారి గురించి చెప్పాలి, ఎందుకంటే చీరాల రుమాలు అనగానే చాలామంది అటే పోతారు. చీరాలకు ఇంకో రుమాలుంది, తేలియా రుమాలు. ఆముదపు కాయల బూడిద నీళ్ళలో నూనె కలిపి, నూలును రోజుల తరబడి అందులో పిసికి ఆరబెట్టి, పడుగునూ పేకనూ రంగు అంటకూడని చోట్ల బిగించి కట్టి, అంటే చిటికి కట్టి, ఎరుపు, నలుపు అద్ది నేసేవారు. నూనె పట్టిన నూలుకు రంగు గట్టిగా అంటుకుంటుంది, గుడ్డకు ఆ వాసన మిగిలిపోతుంది. తేలియా అనే పేరు అందుకే. అది అరబ్బుల తలపాగాకు పోయింది, హైదరాబాదు నవాబుల ఇళ్ళలో దుపట్టా అయింది. 20వ శతాబ్దం మొదట్లో ఆ పని తెలంగాణకు చేరింది. 2020లో భౌగోళిక గుర్తింపు వచ్చింది కూడా పుట్టపాక తేలియాకే. గొప్ప కథే, కాని మన గళ్ళ గుడ్డ కథ కాదు. దీంట్లో చిటికి లేదు, నూనె వాసన లేదు. రంగు నూలును అడ్డంగా, నిలువుగా నేసిన గళ్ళు, అంతే.

ముడి విప్పే కొస చీరాలలో దొరకలేదు, నైజర్ నది సముద్రంలో కలిసే చోట దొరికింది. నైజీరియా దక్షిణాన, మడ అడవుల మధ్య దీవుల్లో కలబరి అనే జనం ఉన్నారు. బుగుమా వాళ్ళ ముఖ్య పట్నం. మన గళ్ళ గుడ్డను వాళ్ళు ఇంజిరి అంటారు. 1981లో కలబరివాడే అయిన టోన్యే ఎరెకొసిమా, అమెరికా పరిశోధకురాలు జోయాన్ ఐకర్ కలిసి ‘ఆఫ్రికన్ ఆర్ట్స్’ పత్రికలో ఒక విచిత్రమైన గుడ్డ గురించి రాశారు. దాని పేరు పెలెటె బిటె, కోసిన గుడ్డ అని. కలబరి ఆడవాళ్ళు గళ్ళ గుడ్డను ముందేసుకుని, బ్లేడుతో ఎంచుకున్న పోగులను మాత్రం కోసి, ఒక్కొక్కటే లాగేస్తారు. లేతరంగు పోగులు పోయి, ముదురు పోగులు జల్లెడలాగా నిలుస్తాయి. అందులోంచి పులిపంజా వంటి కొత్త నమూనా లేస్తుంది. ఒక తాను పూర్తి కావడానికి వారాలు పడుతుంది.

మన సాలెవారికి ఇది వింటే ముందు ఒళ్ళు మండుతుంది. పోగు తెగితే అతికి, అతికి నేసిన మనిషి మరి! కాని నన్నడిగితే, అవే గళ్ళు ఎందుకు కావలసి వచ్చాయో ఈ కోతలోనే తేలిపోతుంది. అచ్చు వేసిన గుడ్డలో పోగు లాగితే బొమ్మ చెడుతుందేగాని కొత్త బొమ్మ రాదు. ముందే రంగద్దిన నూలుతో నేసిన గుడ్డలోనే, ఎక్కడ ఏ రంగు పోగు ఉందో కంటికి తెలుస్తుంది, దాన్ని మాత్రమే తీయవచ్చు. గళ్ళు సన్నగా, లెక్క తప్పకుండా ఉండాలి. లేకపోతే బ్లేడుకు దారి దొరకదు. మన నేతగాడి పోగుల లెక్కే కలబరి ఆవిడ చేతికి గీత గీసిన కాగితమైంది.

ఇక ఆ గుడ్డ చేసే పని. కలబరి మగవాళ్ళ దుస్తుల్లో అంతస్తులున్నాయి. రాజుకు అత్తిగ్రా, పెద్దలకు డోని అనే పొడుగు అంగీ, వాళ్ళ తరవాతివాళ్ళకు వోకో, ఇంకా కిందివాళ్ళకు ఎటిబో. పైన ఏ అంగీ వేసుకున్నాడో చూసి మనిషి హోదా చెప్పేస్తారు. ఎటిబో కింద నడుముకు చుట్టేది తరచు మన గళ్ళ గుడ్డే. అంతకన్నా పెద్ద వేడుక చావు. పెద్దవాళ్ళు పోతే ఇంట్లో మంచాలను పెట్టెలోని పాతగుడ్డలతో అలంకరించి ఊరందరికీ చూపిస్తారు. ఇంజిరి ఆ మంచం మీదికెక్కుతుంది. ఎంత పాతదైతే అంత ఘనత, ఎందుకంటే పెట్టెలో పాతగుడ్డ ఉందంటే ఆ ఇంటికి తరాల నాడే వ్యాపారం ఉందని అర్థం.

ఆ వ్యాపారం దేనిదో కూడా చెప్పాలి. బ్రిటన్ 1807లో బానిస వ్యాపారాన్ని నిషేధించేదాకా, పశ్చిమాఫ్రికా రేవుల్లో మనుషుల్ని కొనడానికి ఐరోపా ఓడలు తీసుకెళ్ళిన సరుకుల్లో కోరమాండల్ తీరపు నూలు గుడ్డ ముఖ్యమైనది. కలబరివాళ్ళ పాత రేవు అందులో పేరుమోసింది. ఆ తరవాత మనుషుల చోట పామాయిల్ వచ్చింది. గుడ్డ మాత్రం మారలేదు. మంచం మీద కనిపించే ఘనత వెనక ఈ బేరం కూడా ఉంది.

ఐకర్ శిష్యురాలు సాండ్రా ఎవెన్‌సన్ 1990ల మొదట్లో దక్షిణ భారతంలోని తయారీనీ, ఆఫ్రికా ఎగుమతినీ కలిపి పరిశోధించడంతో రెండు కొసలూ కలిశాయి. దాదాపు అదే సమయానికి చీరాల కొస తెగిపోతోంది. నైజీరియా విదేశీ వస్త్రాల మీద ఆంక్షలు పెట్టింది. 1991లో నూలు ధర పెరిగి, చీరాల చుట్టుపక్కల నేతగాళ్ళు ఆకలితో చనిపోయారు. వాళ్ళు నేసిన గుడ్డ ఇంకోచోట వంశగౌరవమని ఆ ఇళ్ళలో ఎందరికి తెలుసు? మధ్యలో ఉన్న ఎగుమతిదారులకు సైజు, గళ్ళ నంబరు, గడువు తప్ప ఇంకేమీ కిందికి చెప్పాల్సిన అవసరం పడలేదు. నా దృష్టిలో ఈ కథలో అసలు తప్పు అదే.

వేటపాలెంలో 1918 నాటి సారస్వత నికేతనం ఉంది. పాత పత్రికలను అంత జాగ్రత్తగా దాచిన ఊరికి గుడ్డముక్కలు దాచడం బరువు కాదు. మీ అటక మీద పాత గళ్ళ నమూనాలో, తాను కొసలో, ఎగుమతి చీటీలో ఉంటే పాతసామాన్లవాడికి వెయ్యకండి. ఎవరు నేశారో, ఏ సంవత్సరమో, ఏ షావుకారు కోసమో తెలిసినంతవరకు ఒక కాగితం మీద రాసి, దాన్ని ఆ ముక్కకు కుట్టి గ్రంథాలయంలో ఇవ్వండి.